మోఅత్సు పండక్కి మా అమ్మ

ట్రాయ్,
మార్చి 14, 1982.

కిట్టూకి, అక్క దీవెనలు.

అమ్మ క్షేమంగా చేరింది. విమానంలో వాళ్లు పెట్టినదేదీ ముట్టలేదట. చెంగున కట్టుకొచ్చిన చేగోడీలతో సముద్రాలు దాటేసింది. వచ్చిన దగ్గర్నించీ కిటికీ దగ్గర కూచుని, ఈ మంచు ఎవరు ఎత్తిపోస్తారే అని అడుగుతోంది. సెప్టెంబరు దాకా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడు మన అసోసియేషన్‌కి మీ బావగారు ప్రెసిడెంటు. మేలో డెట్రాయిట్ చుట్టుపక్కల ఇండియా వాళ్లందరం కలిసి పెద్ద హాల్ బుక్ చేశాం. ఎప్పుడూ ఉండే కూచిపూడీ, భరతనాట్యమూ కాకుండా కొత్తది ఏదైనా పెడదామని బావగారి పట్టుదల. నేనన్నాను, నా తమ్ముడి పెళ్లాం నాగాలాండ్ పిల్ల కదా, వాళ్ల పండగేదో ఉంటుంది కదా, వాళ్లనే తీసుకొద్దామని. ఆయన ఎగిరి గంతేశారు. నీ పెళ్లై మూడేళ్లయింది, అమ్మ ఆ పిల్లని చూడలేదు. అసలు పెళ్లైందనే అమ్మకి తెలీదు. ఇంతకన్నా మంచి సందర్భం ఏముంటుంది చెప్పు. ముందు ఆట చూస్తుంది, పాట వింటుంది, మనసు మెత్తబడుతుంది. అమ్మ సంగతి నాకు వదిలెయ్.

వాళ్ల నాగ పండగ అంటే మన నాగుల చవితి లాంటిదేనా? మరి కార్తీకంలో కాకుండా మేలో ఎందుకొస్తుంది? భాస్కర్ అని ఇక్కడ స్టేజీ డెకరేషన్ చేసే అబ్బాయి అడుగుతున్నాడు.

ఫోన్ చెయ్యకు. అది అమ్మ కూచునే సోఫా పక్కనే ఉంది. ఉత్తరాలు బావగారి ఆఫీస్ అడ్రస్‌కి రాయి.

నీ మేలు కోరే
వసుమతి


షామ్‌బర్గ్,
మార్చి 22, 1982.

అక్కా,

నీ ఉత్తరం అలెమ్లకి చదివి వినిపించాను. తనకి తెలుగు చదవడం రాదు గాని వింటే చాలామటుకు అర్థమవుతుంది. నాగుల చవితి దగ్గరికొచ్చేసరికి నవ్వీ నవ్వీ హాస్పిటల్‌లో డ్యూటీకి వెళ్లడం ఆలస్యం చేసుకుంది. నాగాలంటే పాములు కాదక్కా, మనుషులు. వాళ్లలో బోలెడు తెగలు. అలెమ్ల వాళ్లు ఆవోలు, ఊరు మోకొక్‌చుంగ్ దగ్గర. పండగ పేరు మోఅత్సు. పొలంలో విత్తనాలు జల్లడం అయ్యాక, మే మొదట్లో వస్తుంది. నెగడు వేసి, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని దాని చుట్టూ కూచుంటారు. పాడతారు, ఆడతారు, మాంసం వండి అందరికీ వడ్డిస్తారు. పాములకీ దీనికీ సంబంధం లేదని భాస్కర్‌తో గట్టిగా చెప్పు.

చికాగో చుట్టుపక్కల ఆవోలు పట్టుమని ఒక వ్యాన్ నిండరు. చాలామంది పాస్టర్లవడానికి సెమినరీలో చదువుకునేవాళ్లు. ఏటా ఇక్కడ చర్చి బేస్‌మెంట్లో మోఅత్సు చేసుకుంటారు. బయట పార్కింగ్ లాట్‌లో బార్బెక్యూ గ్రిల్లే వాళ్ల నెగడు. ఏడాది మొత్తానికి వాళ్ల భాష వాళ్లు గొంతెత్తి మాట్లాడుకునేది ఆ ఒక్క పూటే. దాన్ని మానుకుని ట్రాయ్ రమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. అలెమ్లే అడిగింది. వాళ్ల మేనమామ పాస్టరు, ఈ ఏడు సెమినరీలో పాఠాలు చెప్పడానికి వచ్చారు. ఆయన, పిల్లనిచ్చిన ఇంటికే కదా, మోఅత్సు అక్కడే చేద్దాం అన్నారు. వాళ్ల ఇంట్లో నేసిన శాలువా ఒకటి తెస్తారట. నెగడు దగ్గర అందరిముందూ అమ్మకి కప్పి, రెండిళ్లూ ఒకటయ్యాయని చెప్తారట.

అలెమ్ల మూడు రోజులుగా 'అత్తయ్యగారూ' అని ప్రాక్టీస్ చేస్తోంది. ఆ 'త్త' పలకడం తనకి చచ్చే చావుగా ఉంది. అంట్లు తోముతూ కూడా అదే. అమ్మకి ఎప్పుడు చెబుతున్నావు?

బావగారికి నమస్కారాలు.
నీ కిట్టు


ట్రాయ్,
ఏప్రిల్ 10, 1982.

కిట్టూకి,

ఏర్పాట్లతో ఊపిరాడ్డం లేదు. నలుగురు చేసే పని బావగారు ఒప్పుకుంటారు, అది నేనొక్కదాన్నీ చేస్తాను. వరసగా చెబుతాను, విసుక్కోకు.

హాల్లో నిప్పు వెలిగించనివ్వరట. భాస్కర్ ఎర్రకాగితాలూ బల్బులూ పెట్టి నెగడు చేస్తానన్నాడు. మాంసం వండి తేవద్దని చెప్పు. వాళ్లు అందులో వేసే వెదురుకొమ్ముల వాసన పడితే ఇక్కడి వాళ్లు మళ్లీ హాల్ మొహం చూడరు. వాళ్లందరికీ, అలెమ్లకి కూడా, మోటెల్‌లో రూములు తీసుకున్నాం. నువ్వు మాత్రం ఇంట్లోనే, అమ్మ నీ కోసం గది సర్దింది.

ఇంకొకటి. అలెమ్లని అమ్మని 'ఆంటీ' అని పిలవమను. ఇక్కడ పిల్లలందరూ అలాగే పిలుస్తారు, అమ్మకీ అలవాటైంది. ఆ 'త్త' తో పాపం దానికెందుకు తిప్పలు.

అమ్మకి బీపీ ఎక్కువగా ఉంది. ఏ మాటైనా సమయం చూసి చెప్పాలి. చూసుకుంటున్నాను. నువ్వు ప్రోగ్రాం అయ్యేదాకా ఆ ఊసు ఎత్తకు.

వసుమతి


షామ్‌బర్గ్,
ఏప్రిల్ 19, 1982.

అక్కా,

మోటెల్ సంగతి విని కాస్త చివుక్కుమంది. సరే, ఇల్లు ఇరుకు అనుకున్నాను. మాంసం లేకుండా మోఅత్సు అని వాళ్ల మామయ్యగారికి చెప్పాను. చుట్టాల ఇంట వాళ్ల పద్ధతే మన పద్ధతి అన్నారు. ఆయన మాట విన్నాక నీకు ఏదీ కాదనలేకపోతున్నాను.

'ఆంటీ' అంటే సులువేనని అలెమ్ల అంది. మరి అత్తయ్యగారూ అని ఎప్పుడు పిలవాలి అని అడిగింది. అక్క చెప్పినప్పుడు అన్నాను.

నేను బీఈ పాసైనప్పుడు అమ్మ చేయించిన పచ్చరాయి ఉంగరం గుర్తుందా? పెళ్లికి అదే బిగుతు చేయించి అలెమ్లకి తొడిగాను. ఆ వేలికి దాన్ని చూస్తే అమ్మకి నేను వేరే ఏమీ చెప్పక్కర్లేదని నా ఆశ.

కిట్టు


షామ్‌బర్గ్,
మే 12, 1982.

అక్కకి,

తిరిగొచ్చే దారంతా అలెమ్ల కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. వెనక సీట్లలో సెమినరీ పిల్లలు కూడా పాడలేదు. వెళ్లేటప్పుడు గొంతులు బొంగురుపోయేలా పాడినవాళ్లే.

పాములు కాదని నీకు ఎన్నిసార్లు రాశాను? స్టేజీ ఎక్కితే ఎదురుగా అయిదు పడగల అట్టపాము. కళ్లల్లో ఎర్రబల్బులు. దాని ముందు గిన్నెలో పాలు. వీళ్లు నడిచి వస్తుంటే టేప్ రికార్డర్‌లో పాములవాడి బూర. మామయ్యగారు అది మన ఇంటి దేవుడనుకుని దాని ముందు తలవంచి నిలబడ్డారక్కా. నిలబడి, మన కోసం ప్రార్థన చేశారట. వ్యాన్‌లో నన్నడిగారు, మీ ఆచారం ప్రకారం నేను సరిగ్గానే చేశానా అని. ఏం చెప్పను? సరిగ్గానే చేశారన్నాను.

బావగారు మైక్‌లో, వీళ్ల తాతలు తలలు నరికేవాళ్లు, ముందు వరసవాళ్లు జాగ్రత్త అంటే హాలంతా నవ్వింది. చికాగో నుంచి వచ్చిన నాగా కళాబృందం అన్నారు. మా బావమరిది భార్య అన్న ఒక్క ముక్క రాలేదు. పోనీ మర్చిపోయారు అనుకుందాం. మామయ్యగారు అమ్మని స్టేజీ మీదికి పిలిచి, శాలువా కప్పి, ఈ బట్టతో మీ ఇల్లూ మా ఇల్లూ ఒకటే అని ఇంగ్లీషులో అంత స్పష్టంగా చెప్తే బావగారు తెలుగులో ఏం చెప్పారు? సభలో అందరికన్నా పెద్దావిడని గౌరవించుకుంటున్నారు, చప్పట్లు కొట్టండి అన్నారు. ఆయనకి ఇంగ్లీషు రాదా?

అమ్మ అందరిలాగే చప్పట్లు కొట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు ఏడాదికోసారి చేసుకునే పండగ తీసుకొచ్చి మీ చేతుల్లో పెట్టారు. మీరు దాన్ని పాములాట చేశారు.

అమ్మకి నువ్వు ఏమీ చెప్పలేదు కదూ? ఇంతకాలం నాకు వదిలెయ్, నాకు వదిలెయ్ అని నన్ను నమ్మించావు.

కృష్ణమోహన్


ట్రాయ్,
మే 20, 1982.

కిట్టూ,

చివర కృష్ణమోహన్ అని సంతకం పెట్టావు. నీకు గోరుముద్దలు పెట్టినదాన్ని, నాకు నీ పూర్తి పేరు చెబుతున్నావా.

పాము భాస్కర్ పని. పొద్దున్న హాల్‌కి వెళ్లేసరికి కట్టేసి ఉంది, విప్పడానికి టైమ్ లేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. తలల మాట బావగారి నోటి దురద, నేనూ ఇంటికొచ్చాక తిట్టాను. కానీ వచ్చినవాళ్లంతా ఇంకా మీవాళ్ల ఆట గురించే చెప్పుకుంటున్నారు. మా పక్కింటి ఉష కూతురు ఆ అడుగులు వేస్తూ ఇల్లంతా తిరుగుతోందట. ఆ మాట కూడా అలెమ్లకి చెప్పు.

నన్నిన్ని అడిగావు, నేనొకటి అడుగుతాను. నువ్వెక్కడున్నావు అప్పుడు? తెర వెనక తాళ్లు పట్టుకుని నిలబడ్డావు. బావగారు తప్పు చెబితే నువ్వు ముందుకొచ్చి మైక్ లాక్కోవచ్చుగా. నీకూ నోరుంది, నీకూ తెలుగొచ్చు.

అమ్మ ఆ శాలువా జాగ్రత్తగా మడతపెట్టి పెట్టెలో పెట్టుకుంది. కొన్నాళ్లు ఓపిక పట్టు. నామీద కోపం ఉంటే ఉండనీ, నేను పడతాను. అమ్మని మాత్రం ఏమీ అడక్కు.

వసుమతి


షామ్‌బర్గ్,
జూన్ 6, 1982.

అక్కకి,

మైక్ సంగతి నువ్వన్నది నిజమే. అది నన్ను రోజూ తింటోంది. కానీ ఇప్పుడు రాసేది చదివి నువ్వే చెప్పు, ఎవరు ఎవరికి ఏం చేశారో.

నిన్న అలెమ్ల నోరు విప్పింది. ప్రోగ్రాం అయ్యాక భోజనాల దగ్గర అమ్మ తనని పక్కన కూచోబెట్టుకుందట. చెయ్యి పట్టుకుని, బాగా ఆడావమ్మా అందట. నీకు తెలుగు అర్థమవుతుందా అంటే అవుతుందని చెప్పిందట. అప్పుడు అమ్మ, "మా అబ్బాయికి ఇంకా పెళ్లి కాలేదు. మీ చికాగోలో మావాళ్ల పిల్ల ఎవరైనా ఉంటే చూసిపెట్టు" అందట.

నా భార్యని, నాకు పిల్లని చూడమంది.

అక్కడితో ఆగలేదు. చలికాలం దోసకాయ తింటే వాడికి ఆయాసం వస్తుంది, పెరుగులో నీళ్లు కలిపితే తినడు, పాదాలు చల్లబడితే నిద్రపట్టదు, ఆ వచ్చే పిల్లకి ఇవన్నీ చెప్పు అందట. అలెమ్ల అన్నిటికీ సరేనండీ అందట. లేచేటప్పుడు ఇక ఆపుకోలేక, వెళ్లొస్తాను అత్తయ్యగారూ అందట. 'త్త' సరిగ్గా వచ్చిందని నాతో చెబుతూ ఏడ్చింది. అమ్మ అప్పటికే పక్కావిడ వైపు తిరిగిందట.

పాపం అమ్మని ఏమనగలను? ఆవిడకి తెలిస్తేగా. తెలిసుంటే ఆ నోటితో అలా అడిగేదా? నువ్వు చెప్పలేదు కనక అడిగింది. నీ పిరికితనానికి ఇద్దరు ఆడవాళ్లూ ఒకరినొకరు గుర్తుపట్టకుండా పక్కపక్కన కూచున్నారు. ఒకే అమ్మకి పుట్టిన నువ్వు నాకింత ద్రోహం చేస్తావని కల్లో కూడా అనుకోలేదు.

సెప్టెంబర్లో అమ్మ ఇక్కడ చికాగో ఓహేర్‌లో విమానం మారాలి కదా. మేమిద్దరం వస్తాం. నేనే చెబుతాను. నా అమ్మ నాకు తెలుసు, ఒక గంట ఏడుస్తుంది, తర్వాత దాన్ని దగ్గరికి తీసుకుంటుంది. నీ సాయం అక్కర్లేదు.

కృష్ణమోహన్


షామ్‌బర్గ్,
సెప్టెంబర్ 19, 1982.

అక్కా,

జూన్ నుంచి నువ్వు జవాబు రాయలేదు. ఓహేర్‌కి రావద్దు అని ఒక్క ముక్క కార్డు తప్ప. నీ మీద కోపం పక్కన పెట్టి రాస్తున్నాను, ఎందుకంటే విషయం అమ్మ ఆరోగ్యం గురించి.

శుక్రవారం ఇద్దరం వెళ్లాం. అమ్మ వీల్‌చెయిర్‌లో వచ్చింది. అలెమ్ల చీర కట్టుకుంది, ఫ్లాస్క్‌లో వేణ్ణీళ్లు, తను అల్లిన స్వెటర్ తెచ్చింది. నేను మోకాళ్ల మీద కూచుని చెప్పాను. అమ్మా, ఈమె అలెమ్ల, నా భార్య, మూడేళ్లయింది పెళ్లై, డిసెంబర్లో నీకు మనవడో మనవరాలో పుడతారు అని. అంతా విడమరిచి, నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు.

అమ్మ నా తల నిమిరింది. అలెమ్లని చూసి, "ఆ రోజు ఆడిన అమ్మాయివి కదూ? నే చెప్పిన సంబంధం సంగతి ఏం చేశావు?" అంది.

 మళ్లీ చెప్పాను. మళ్లీ అదే నవ్వు, విమానం ఎన్నింటికి రా అంది. స్వెటర్ ఒళ్లో పెడితే, ఎవరిదో మర్చిపోయారు చూడు అని కుర్చీ నెట్టే అతనికి ఇచ్చింది.

అక్కా, అమ్మకి మతి తప్పుతోంది. ఆరు నెలలు నీ దగ్గర ఉంది, నీకు తెలీలేదా? నిన్ను ఊరికే నానా మాటలూ అన్నానేమో, నువ్వు చెప్పినా ఆవిడ బుర్రలో నిలవలేదేమో. అలెమ్ల నర్సు కదా, ఈ వయసులో ఇలాంటివి ఉంటాయా అని అడిగాను. ఉంటాయి అంది. రాజమండ్రిలో అమ్మని చూసుకునే అన్నయ్యకి నువ్వు వెంటనే రాయి, మంచి డాక్టర్‌కి చూపించమని.

కిట్టు


ట్రాయ్,
సెప్టెంబర్ 27, 1982.

కిట్టూ,

నీ ఉత్తరం చదివాను. నువ్వు నన్ను తిడుతున్నంతకాలం ఊరుకున్నాను. తిట్టించుకోవడం సులువు. అమ్మని పిచ్చిదాన్ని చేసి డాక్టర్ దగ్గరికి పంపుతానంటే ఊరుకోలేను.

అమ్మకి మతి తప్పలేదు. నీకన్నా నాకన్నా బాగుంది. నేను చెప్పాను కిట్టూ. ఏప్రిల్ మొదటివారంలోనే, మొత్తం చెప్పాను. పిల్ల పేరు, కులం, మతం, వాళ్లు ఏం తింటారో కూడా దాచలేదు. అమ్మ పప్పు ఏరుతోంది. ఏరడం ఆపకుండా విన్నది. అంతా అయ్యాక, "నాకు వినపడలేదు" అంది. "వాడికి పెళ్లి కాలేదు. అయిందని ఎవరైనా నా మొహం మీద అంటే, ఆ రోజే విమానం ఎక్కుతాను, చచ్చేదాకా వాడి మొహం చూడను. ఆడేవాళ్లతో ఆడటానికి వస్తే రానీ, చూస్తాను" అంది.

ఏం చెయ్యను? అప్పటికే మీవాళ్లు చర్చిలో పండగ మానుకున్నారు. రావద్దని రాస్తే ఎందుకో చెప్పాలి. అందుకే ఆంటీ అని పిలవమన్నాను, మోటెల్‌లో పెట్టాను. మామయ్యగారి మాట మైక్‌లో మార్చమని బావగారికి నేనే చెప్పాను. ఆయన్నేమీ అనకు. అందరిముందూ ఆ మాట వినపడితే అమ్మ అక్కడే లేచిపోయేది, నీకు అమ్మ లేకుండా పోయేది. నన్ను తిట్టుకున్నా అమ్మ అయినా నీకు మిగులుతుందనుకున్నాను.

శాలువా సంగతి కూడా అబద్ధమే రాశాను. ఇంటికొచ్చాక, ఆ శాలువా కప్పినాయన నిజంగా ఏమన్నాడే అని అడిగింది. చెప్పాను. పెట్టె సర్దుకునేటప్పుడు అది తీసి నా మంచం మీద పడేసింది. నా దగ్గరే ఉంది. ఏం చెయ్యమంటావో రాయి.

పుట్టబోయే బిడ్డ సంగతి నువ్వు నాకు కూడా చెప్పలేదు. నాకు ఆ అర్హత లేదులే.

వసుమతి


షామ్‌బర్గ్,
అక్టోబర్ 5, 1982.

అక్కా,

మతిమరుపే అయితే ఎంత బాగుండేది. పది రోజులు నేను దానికోసం ఏడ్చాను. ఇప్పుడు అదైనా కావాలనిపిస్తోంది.

శాలువా పంపించెయ్. మామయ్యగారికి ఏం చెప్పాలో నాకింకా తోచలేదు. వచ్చే మేలో చర్చి బేస్‌మెంట్లోనే మోఅత్సు, పార్కింగ్ లాట్‌లో గ్రిల్ దగ్గర. వెదురుకొమ్ములు వేసి మాంసం వండుతారు. నువ్వు రావాలంటే రా. అలెమ్ల నిన్ను రమ్మని రాయమంది, అందుకే రాస్తున్నాను. నాకింకా మనసు రావడం లేదు.

నీ ఉత్తరం తనకి చదివి వినిపించాను. కొత్త సంగతి విన్నట్టు లేదు తన మొహం. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. ట్రాయ్‌లో అమ్మ తన చెయ్యి పట్టుకున్నప్పుడు ఉంగరం చూసిందట. చాలాసేపు చూసిందట. నాకు పిల్లని చూడమని అడుగుతూనే, ఆ ఉంగరాన్ని మెల్లిగా తిప్పి, పచ్చరాయి అరచేతి వైపుకి పెట్టి, తన వేళ్లు మూసేసిందట. అంటే ఆ దోసకాయా, ఆ పెరుగూ, అన్నీ ఎవరికి చెబుతోందో తెలిసే చెప్పింది. అత్తయ్యగారూ అన్నది కూడా విన్నది.

నాకెందుకు చెప్పలేదని అరిచాను. "చెబితే నీకు అమ్మ ఉండదు కదా" అంది. నువ్వూ అదే రాశావు. నా అమ్మని నాకు మిగల్చాలని మీరిద్దరూ చెరోవైపు నుంచీ నాతో అబద్ధాలాడారు, నేను మధ్యలో కూచుని పాపం అమ్మ, పాపం అమ్మ అంటూ వచ్చాను.

ఇందాక అన్నాలు తింటూ తన చెయ్యి చూశాను. రాయి ఇంకా లోపలివైపే ఉంది. మే నుంచీ అలాగే ఉందట. తిప్పింది ఆవిడ, ఆవిడే మళ్లీ తిప్పాలని ఉంచుకుందట. ఓహేర్‌లో స్వెటర్ ఇస్తూ ఆ చెయ్యే ముందుకు చాపిందట.

ఇన్ని నెలలు రోజూ ఆ చేత్తో వడ్డిస్తే తిన్నాను అక్కా. నేనూ చూడలేదు.

నీ తమ్ముడు